వరస కలిపి చూస్తే

భూపాలపల్లిలో చిన్నమ్మ వాళ్ళింట్లో ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లుల కింద ఒక చీటీ ఉంది. అరచేతిలో పట్టేంత కాగితం. పేరు, వయసు, ఊరు, ఆ కింద ఒకే ఒక్క మాట: పాజిటివ్. సికిల్ సెల్ పరీక్షల కోసం క్యాంపు పెట్టినప్పుడు చెల్లె చేతికిచ్చిన చీటీ అది. తర్వాత కొన్ని నెలలకు మానుకోట వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మాటలన్నీ అయ్యాక ఈ చీటీ సంగతి తెలిసి, వచ్చిన దారినే వెనక్కి పోయింది.

చిన్నమ్మ నాకు రక్తసంబంధం కాదు. మాది జనగామ. నాన్న సింగరేణిలో పనిచేసినన్నాళ్ళు భూపాలపల్లి క్వార్టర్లలో ఉన్నాం. పక్క క్వార్టర్ వాళ్ళది. కోయ కుటుంబం. వాళ్ళబ్బాయి, నేను ఒకే క్లాసు. అట్లా ఆమె చిన్నమ్మ అయింది, ఆమె కూతురు చెల్లె అయింది. పోయిన ఏడాది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చిన్నమ్మ ఆ చీటీ తీసి నా ముందు పెట్టింది.

"నువ్వు కంప్యూటర్ల గిసొంటి పనే చేస్తవంట గద బిడ్డా. ఇంకో సంబంధం వస్తాంది. ఈ ముచ్చట చెప్పాల్నా, వద్దా?"

నేను మూడేళ్ళుగా జన్యు డేటాతో పనిచేస్తున్నాను. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "డాక్టర్‌ని అడుగుదాం చిన్నమ్మా" అని తప్పించుకున్నా. బస్సు రేగొండ, పరకాల దాటి హనుమకొండ చేరేదాకా సిగ్గనిపించింది. ఈ వ్యాసం ఆలస్యంగా దొరికిన జవాబు. సగం జవాబు అనాలేమో.

*

ముందు నా అజ్ఞానం గురించి చెప్పాలి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న నాలాంటి వాళ్ళకి బయాలజీ పదో తరగతితోనే ముగిసిపోతుంది. అది బొమ్మలేసుకునే బైపీసీ వాళ్ళ పని అని మేమంతా నవ్వుకునేవాళ్ళం. ఇంజనీరింగ్ అయింది, పదేళ్ళు రకరకాల కంపెనీల్లో డేటాబేసులు నడిపాను, చివరికి హైదరాబాద్‌లో జన్యు డేటా ఆఫీసులో తేలాను. డేటా ఏదైనా డేటానే కదా అనుకున్నా.

మా దగ్గరికొచ్చే ఫైళ్ళ పేరు వీసీఎఫ్. ఎక్సెల్ షీట్‌కి పెద్దన్న అనుకోండి. ఒక్కో అడ్డు వరస డీఎన్ఏలో ఒక్కో చోటు. ఏ క్రోమోజోమ్, అందులో ఎన్నో స్థానం, రిఫరెన్స్‌లో అక్కడ ఏ అక్షరముంది, బదులుగా ఏ అక్షరం కనిపించింది అన్నవి ముందు ఉంటాయి. ఆ తర్వాత ఒక్కో మనిషికి ఒక్కో గడి. గడిలో 0/0 లేదా 0/1 లేదా 1/1. సున్నా అంటే రిఫరెన్స్‌లో ఉన్న అక్షరమే, ఒకటి అంటే వేరే అక్షరం. రెండు అంకెలు ఎందుకంటే ప్రతి మనిషికీ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది.

చేరిన మొదటి నెలలో సికిల్ సెల్ స్థానం మీద నేనో చిన్న ప్రోగ్రామ్ రాశాను. గడిలో ఎక్కడైనా 1 కనిపిస్తే "సికిల్: అవును", లేకపోతే "కాదు". టెస్టులన్నీ పాసయ్యాయి. పక్క టేబుల్ దగ్గర కూర్చునే బయాలజిస్ట్ మేడమ్ రిపోర్ట్ చూసి అడిగింది, "వీళ్ళలో జబ్బున్నవాళ్ళెవరు?"

"అవును అని ఉన్నవాళ్ళందరూ."

"వీళ్ళలో ఎక్కువమందికి ఏ జబ్బూ లేదు."

పది నిమిషాల్లో సరిచేసేశాను. ఆఫీసులో దాన్ని బగ్ అన్నాం, టికెట్ మూసేశాం, టీ తాగాం. భూపాలపల్లిలో ఆ చీటీ చూసినప్పుడు గుర్తొచ్చింది అదే. నా ప్రోగ్రామ్‌కీ ఆ చీటీకీ ఏ సంబంధమూ లేదు. కానీ తప్పు మాత్రం అదే తప్పు. ఈసారి అది కాగితం మీద ఉంది, టికెట్ మూసేవాళ్ళు లేరు.

*

ఆ 0/1 ని అర్థం చేసుకోవాలంటే కొంచెం లోపలికి పోవాలి.

మన డీఎన్ఏ ఒక ప్రతిలో దాదాపు 310 కోట్ల అక్షరాలుంటాయి. వర్ణమాల మాత్రం నాలుగే: ఏ, సీ, జీ, టీ. ప్రొటీన్ తయారీ రాసి ఉన్న భాగాల్ని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఒక్కో మూడక్షరాల మాటకి ఒక్కో అమైనో ఆమ్లం. వాటిని దండలా గుచ్చితే ప్రొటీన్. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే దండ ఉంటుంది. దాన్ని గుచ్చే పద్ధతి 11వ క్రోమోజోమ్ మీద రాసి ఉంది. అందులో ఆరో మాట జీఏజీ. దానర్థం గ్లూటమిక్ ఆమ్లం. మధ్యలో ఉన్న ఏ బదులు టీ పడితే మాట జీటీజీ అవుతుంది, అర్థం వాలీన్ అవుతుంది.

గ్లూటమిక్ ఆమ్లానికి నీళ్ళంటే ఇష్టం. వాలీన్‌కి పడదు. నీళ్ళకు దూరంగా పోయే చోటు వెతుక్కుంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు పక్కనున్న ఇంకో హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటుంది, అది ఇంకోదానికి, అట్లా పోగులు పోగులుగా తాళ్ళు పేనుకుంటాయి. గుండ్రంగా మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. దాంతో భరించలేని నొప్పులు వస్తాయి. నాలుగు నెలలు బతకాల్సిన కణం వారాల్లోనే పోతుంది కాబట్టి రక్తం పడిపోతుంది.

1910లో షికాగోలో హెరిక్ అనే డాక్టర్ ఈ కణాల్ని ఒక విద్యార్థి రక్తంలో చూసి రాశాడు. 1949లో లైనస్ పాలింగ్ బృందం ఇది అణువులో ఉన్న జబ్బు అని చూపించింది. 1956లో కేంబ్రిడ్జ్‌లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు. తర్వాతి ఏడాదికి అది ఒకే ఒక్క అమైనో ఆమ్లమని తేలింది. మన దేశంలో మొదట బయటపడింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లోనూ అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ.

డేటా ఇంజనీర్లకి ఇక్కడ రెండు గుంటలున్నాయి, నేను రెండింట్లోనూ పడ్డాను. పాఠ్యపుస్తకంలో ఏ పోయి టీ వచ్చింది అని ఉంటుంది. ఫైల్లో చూస్తే టీ పోయి ఏ వచ్చింది అని ఉంటుంది. రెండూ కరెక్టే. డీఎన్ఏకి రెండు పోగులు, ఒకదానిలో ఏ ఉంటే ఎదురుగా రెండోదానిలో టీ ఉంటుంది. ఫైలు ఒక పోగుని చదువుతోంది, ఈ జన్యువు రెండో పోగు మీదుంది. రెండో గుంట: పాత పుస్తకాల్లో ఇది ఆరో అమైనో ఆమ్లం, కొత్త పద్ధతిలో ఏడోది. దండ మొదట్లో గుచ్చి తర్వాత తీసేసే పూసని లెక్కలో వేసుకుంటామా లేదా అన్నదే తేడా. లెక్క సున్నా నుంచా, ఒకటి నుంచా అని ప్రోగ్రామర్లం రోజూ పడే గొడవే. ఎటునుంచి చదువుతున్నామో, ఎక్కడ లెక్క మొదలుపెట్టామో చెప్పకుండా ఆ అక్షరం గురించి ఏదీ చెప్పలేం.

*

మరి రిఫరెన్స్ అంటే ఏమిటి? మొదట్లో నేను దాన్ని కరెక్ట్ ఆన్సర్ల షీట్ అనుకున్నా. అది ఉంటే సరైనది, లేకపోతే తప్పు.

రిఫరెన్స్ జీనోమ్‌లో దాదాపు 70 శాతం ఒకే ఒక్క మనిషిది. 1997లో అమెరికాలోని బఫెలో నగరంలో పేపర్లో ప్రకటన చూసి రక్తమిచ్చిన వాళ్ళలో ఒకడు. పేరు బయటపెట్టలేదు. అతనేమీ ఆదర్శ మానవుడు కాదు. దొరికినవాడు, అంతే. ఊళ్ళో దూరాలు కొలవడానికి గాంధీ బొమ్మ దగ్గర్నుంచి లెక్కేసినట్టు, అతని దగ్గర్నుంచి మనందర్నీ లెక్కేస్తున్నాం. 2015లో వెలువడిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు ఫలితాల్లో 26 జనసమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. వాళ్ళలో యూకేలో ఉంటున్న తెలుగువాళ్ళు 102 మంది. ఐటీయూ అన్న మూడక్షరాల కింద మనమూ ఉన్నాం. మామూలు మనిషి ఎవరైనా రిఫరెన్స్‌తో 41 నుంచి 50 లక్షల చోట్ల తేడాగా ఉంటారని ఆ ప్రాజెక్టు తేల్చింది. తేడా అంటే తప్పు అయితే మనలో ఒక్కొక్కరం కనీసం 41 లక్షల తప్పులం.

ఫైలు "తేడా" అని మాత్రమే అంటుంది. "తప్పు" అనేది మన మాట.

సికిల్ అక్షరం సంగతే చూడండి. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో ఒక సంగతి చూపించాడు. ఈ అక్షరం ఒక్క ప్రతిలో ఉన్నవాళ్ళని ప్రాణాంతకమైన మలేరియా అంత తేలిగ్గా చంపలేదు. అందుకే మలేరియా బలంగా ఉన్న చోట్ల ఈ అక్షరం తరాల తరబడి నిలబడింది. మన ఏజెన్సీ అడవులూ అట్లాంటి చోట్లే. దోమల మధ్య అది కాపలా కాసింది.

ఇక్కడ ఆగి, ఆహా తప్పే లేదు అని ముగించేయడం సులువు. నాకూ ఆ టెంప్టేషన్ ఉంది. కానీ 1/1 ఉన్న పిల్లవాడు నొప్పితో రాత్రంతా కీళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే అతని తల్లికి మలేరియా చరిత్ర చెప్పడం దుర్మార్గం. నొప్పి మన మాటల మీద ఆధారపడి లేదు. కాబట్టి ప్రశ్న అక్షరం మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఆ నొప్పికి బాధ్యత ఎక్కడుంది, దాన్ని ఎవరి నెత్తిన పెడుతున్నాం అన్నది.

*

చెల్లెకి నొప్పుల్లేవు, రక్తం తక్కువ లేదు. డిగ్రీ చదివింది, ఉద్యోగం చేస్తోంది. క్యాంపుల్లో మొదట చేసే పరీక్ష చాలా సాదాది. రక్తపు చుక్కని ఒక ద్రావణంలో వేస్తారు. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే నీళ్ళు మడ్డిగా మారి, గొట్టం వెనక పెట్టిన గీతలు కనపడవు. ఒక ప్రతిలో ఉన్నా మడ్డే, రెండు ప్రతుల్లో ఉన్నా మడ్డే. ఆ పరీక్షకి 0/1 కీ 1/1 కీ తేడా తెలీదు. తేడా తెలియాలంటే హిమోగ్లోబిన్లని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ లాంటి రెండో పరీక్ష కావాలి. మొదటి పరీక్ష చీటీ ఇంటికొచ్చింది. రెండోది ఎవరూ చేయించలేదు. ఆ మధ్యలో సంబంధం పోయింది.

సరే, ఆమె 0/1 అనుకుందాం. ఆమెని చేసుకునే అబ్బాయి 0/0 అయితే పిల్లల్లో ఎవరికీ సికిల్ జబ్బు రాదు. కొందరు ఆమెలాగే 0/1 గా పుట్టొచ్చు. అబ్బాయి కూడా 0/1 అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. అబ్బాయిలో సికిల్ లేకపోయినా బీటా తలసేమియా ఒక ప్రతిలో ఉంటే అప్పుడూ జబ్బు రావచ్చు, కాబట్టి అదీ చూడాలి.

దీన్ని డేటాబేస్ మనిషిగా చూసినప్పుడే నాకు విషయం వెలిగింది. ఆ ప్రమాదం చెల్లె వరసలో లేదు. అబ్బాయి వరసలోనూ లేదు. రెండు వరసల్ని కలిపినప్పుడు మాత్రమే అది పుడుతుంది, లేదా పుట్టదు. టేబుల్లో అడ్డంగా ఉండేదాన్నీ వరస అంటాం, పెళ్ళి మాటల్లో కలిసేదాన్నీ వరస అంటాం. ఇద్దరి మధ్య ఉండాల్సిన సంగతిని తీసుకెళ్ళి ఒక్కరి గడిలో "అవును" అని రాసేశాం. నా బగ్ కూడా ఇదే, కాకపోతే నేను మనుషుల్ని చూడకుండా చేశాను.

ఇది తెలివితక్కువ వాళ్ళు చేసే తప్పు కాదు. ఇది అణువులో ఉన్న జబ్బు అని కనిపెట్టిన పాలింగ్, రెండు నోబెల్ బహుమతులు తీసుకున్న మనిషి, 1968లో ఒక సూచన చేశాడు. ఈ జన్యువు ఒక ప్రతిలో ఉన్న యువతీయువకుల నుదుటి మీద పచ్చబొట్టు వేయాలని! ఒకర్నొకరు చూసుకుని ప్రేమలో పడకుండా ఆగుతారని అతని ఆశ. ప్రమాదం జంటలో ఉందని అతనికి అందరికంటే బాగా తెలుసు. అయినా గుర్తు మాత్రం ఒంటరి మనిషి నుదుటి మీదే వేయాలనిపించింది.

గ్రీస్‌లో ఆర్కోమెనోస్ అనే ఊరిలో సికిల్ ఎక్కువ. అక్కడ ఊరందరికీ పరీక్షలు చేసి ఎవరిది వాళ్ళకి చెప్పారు. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఒక ప్రతి ఉన్నవాళ్ళ మీద ముద్ర పడిపోయింది, సంబంధాలు తప్పిపోయాయి, కొందరు దాచి పెళ్ళి చేసుకున్నారు. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య అనుకున్నట్టు తగ్గలేదు. సైప్రస్‌లో తలసేమియా విషయంలో వేరే దారి పట్టారు. 1980ల నుంచి పెళ్ళికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకుని సలహా తీసుకున్నట్టు కాగితం చూపించమని అక్కడి చర్చి అడిగింది. ఫలితమేమిటో ఆ కాగితం చెప్పదు. ఇద్దరికీ తెలుసు అని మాత్రమే చెప్తుంది. చాలా జంటలు పెళ్ళి మానుకోలేదు, అయినా జబ్బుతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. అది ఎక్కువగా గర్భంలో పరీక్ష, గర్భస్రావం ద్వారా జరిగింది. అది మరో పెద్ద ప్రశ్న, ఇక్కడ తేలేది కాదు. నాకు ముఖ్యమనిపించింది ఆ కాగితం: ఒకరికి ఒకటి కాదు, ఇద్దరికీ కలిపి.

*

ఇంకో పోలిక లేకపోతే ఈ మాట పూర్తికాదు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్ళతో కలిసి భారతీయ సమూహాల జన్యువుల మీద ఒక పెద్ద పరిశోధన ప్రచురించారు. మన వైశ్యులు వంద తరాలకు పైగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారని అందులో తేలింది. అట్లాంటి చోట కొన్ని అరుదైన అక్షరాలు పోగుపడతాయి. వైశ్యుల్లో ఒక ఎంజైమ్ లోపం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఆపరేషన్ ముందు కండరాలు వదులుకావడానికిచ్చే సక్సామెథోనియం మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. ఆ ఎంజైమ్ లేనివాళ్ళలో విరగదు, గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు.

దీనికి మత్తు డాక్టర్లు ఏం చేస్తారు? ముందే అడుగుతారు. అవసరమైతే వేరే మందు ఇస్తారు. అంతే. ఎవరి సంబంధమూ తప్పిపోలేదు, ఎవర్నీ పాజిటివ్ అనలేదు. అక్కడ అక్షరం ఒక జాగ్రత్తగా మిగిలింది, ఇక్కడ ముద్రగా మారింది. రెండు జబ్బులూ ఒకటి కావు, నిజమే. కానీ ఎవరి దగ్గర డాక్టర్లు గొంతు తగ్గించి అడుగుతారు, ఎవరికి క్యాంపులో మైకు పెట్టి పిలిచి చీటీ ఇస్తారు అన్న తేడా డీఎన్ఏలో రాసి లేదు.

2023 జులై 1న కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు 7 కోట్లమందికి పరీక్షలు, 2047 గడువు. తెలంగాణ కూడా అందులో ఉంది. నేను దానికి వ్యతిరేకం కాదు. పరీక్షలు లేకపోతే ఎంతమంది పిల్లలు ఏ జబ్బో తెలియకుండానే పోతారు? కానీ నిర్మూలన అన్న మాట ఊళ్ళోకి వచ్చేసరికి, నిర్మూలించాల్సింది నొప్పినా, ఆ చీటీ ఉన్న అమ్మాయినా అన్నది కలగాపులగం అవుతోంది.

*

చెప్పాల్నా, వద్దా?

దాచొచ్చు అనడానికి కారణాలున్నాయి. అర్థం చేసుకోని లోకానికి నిజం చెప్తే అది అబద్ధంగానే చేరుతుంది. పరీక్షే చేయించుకోని అబ్బాయి ఏమీ తెలియకుండానే దాస్తున్నాడు, అతన్ని ఎవరూ అడగడం లేదు. కానీ దాస్తే ఆ లెక్క చివరికి కట్టేది, పెళ్ళి మాటల్లో లేని మూడో మనిషి, పుట్టబోయే బిడ్డ. అందుకే నేను చెప్పాలనే అంటాను. అయితే అడిగే హక్కు ముందు తాను పరీక్ష చేయించుకున్నవాళ్ళకే ఉంది. ఒకవైపే అడిగే నిజం నిజం కాదు, విచారణ.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇదంతా చిన్నమ్మకి చెప్పాను, 0/1 లు లేకుండా. ముందు వరంగల్‌లో రెండో పరీక్ష చేయిద్దామన్నా. చెల్లెని తీసుకెళ్ళాం. మామూలు హిమోగ్లోబిన్ ఎక్కువ, సికిల్‌ది తక్కువ అని వచ్చింది. అంటే ఒక ప్రతే. ఇక సంబంధం వచ్చినప్పుడు అబ్బాయిని కూడా చేయించుకోమని అడగమన్నా.

"పిలగాని తరపోళ్ళను అడుగుతే ఊకుంటరా?" అంది.

"మీలో పెళ్ళికి ముందు గట్టు అడుగుతరు గద చిన్నమ్మా. రెండు వైపులా అడుగుతరు. ఒకటే గట్టు అయితే చేసుకోరు. అంతమాత్రాన ఎవరి గట్టూ చెడ్డది కాదు గద. ఇదీ అంతే అనుకో."

చాలాసేపు ఏమీ అనలేదు. చెల్లె లోపల్నుంచి వింటోంది. చివరికి అంది:

"గట్టు అడుగుడు వేరు బిడ్డా. గట్టుకు సిగ్గు లేదు."

నా దగ్గర దానికి జవాబు లేదు. సిగ్గు ఏ క్రోమోజోమ్ మీదా లేదు కాబట్టి దాన్ని నేను ఫైల్లో వెతకలేను. అది మనం వేసింది, మనమే తీయాలి. మొదట తీయాల్సింది అమ్మాయి తల్లి కాదు. అబ్బాయిల తల్లులు, చీటీ రాసేవాళ్ళు, గడిలో అవును కాదు అని రాసేసి టీ తాగడానికి వెళ్ళిపోయే నాలాంటి వాళ్ళు.

పాత చీటీని చిన్నమ్మ పారేయలేదు. కొత్త రిపోర్టుని దానికి పిన్ను కొట్టి, మళ్ళీ కరెంటు బిల్లుల కిందే పెట్టింది. వచ్చే నెలలో సంబంధం వాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. నన్నూ రమ్మంది. "నువ్వే అడుగు" అంది.

వెళ్తున్నా. నా రక్తం కూడా పరీక్షకి ఇచ్చాను. ఇన్నేళ్ళు అందరి గడులూ చూశాను గానీ నాది ఎప్పుడూ చూసుకోలేదు.